పిల్లల ప్రవర్తన మారినప్పుడు కారణం వెతకడం ఎలా: బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులకు

పిల్లవాడు మొండికేస్తున్నాడనో, పాప ఊరికే ఏడుస్తోందనో ఇంట్లో మాట మొదలైందంటే కారణాలకు కొదవ ఉండదు. గారాబం ఎక్కువైందని తాతగారు అంటారు. ఫోన్ వల్లేనని తండ్రి అంటాడు. ఎవరి కళ్ళో పడ్డాయని అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి దిగదుడుస్తుంది. తాను ఉద్యోగానికి వెళ్ళడం వల్లే ఇలా అయిందని తల్లి లోలోపల కుమిలిపోతుంది. వీటిలో ఏదో ఒకదానిలో కొంత నిజం ఉండవచ్చు. అయితే ఎవరికి తోచిన కారణానికి వారు విరుగుడు మొదలుపెట్టి, ఒకరు కొట్టి, ఒకరు బుజ్జగించి, మరొకరు బడి మార్చి చూశాక, అసలు సమస్య ఎక్కడ మొదలైందో చెప్పగలిగేవారు ఇంట్లో ఎవరూ మిగలరు. ఆ కారణాన్ని ఒక వరుసలో, ఓపికగా ఎలా వెతకాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. పిల్లల ప్రవర్తనలోనూ మనసులోనూ వచ్చే ఇబ్బందులకు ఒకే ఒక్క కారణం ఉండటం అరుదు. నిప్పు రాజుకోవడానికి ఒక్క రవ్వ చాలు, అది ఆరకుండా ఉండాలంటే మాత్రం ఎవరో ఒకరు పుల్లలు వేస్తూ ఉండాలి. అలాగే సమస్యను మొదలుపెట్టిన కారణం వేరు, దానిని నెలల తరబడి కొనసాగిస్తున్న కారణం వేరు. చాలా కుటుంబాలు మొదటిదాని కోసం వెతుకుతూ, దాని గురించి ఒకరినొకరు నిందించుకుంటూ, రెండోదాన్ని గమనించవు. మొదటిది కొన్నిసార్లు ఎవరి చేతుల్లోనూ ఉండదు. రెండోది మాత్రం సాధారణంగా ఇంట్లోనో బడిలోనో మన చేతికి అందేంత దగ్గరలోనే ఉంటుంది.

వయసుకు తగినదా, కాదా

రెండేళ్ళ బిడ్డ నేల మీద పడి దొర్లి ఏడవడం, నాలుగేళ్ళ పిల్లవాడు జరగనిది జరిగినట్టు చెప్పడం, ఏడాది నిండని పాప కొత్తవారిని చూసి తల్లిని కరుచుకుపోవడం, పదమూడేళ్ళ అమ్మాయి తన గదిలోకి ఎవరూ రాకూడదని పట్టుబట్టడం ఎదుగుదలలో భాగాలు. అయిదేళ్ళ లోపు పిల్లలు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. కనుక ఒక ప్రవర్తనకు సమస్య అని పేరు పెట్టేముందు నాలుగు విషయాలు చూడాలి. ఆ ప్రవర్తన ఎంత తీవ్రంగా ఉంది, ఎన్ని వారాలుగా సాగుతోంది, ఇంట్లో మాత్రమే ఉందా లేక బడిలోనూ ఆటస్థలంలోనూ కనిపిస్తోందా, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు దాని వల్ల దెబ్బతింటున్నాయా. ఈ నాలుగింటిలో చివరిదే నా దృష్టిలో ముఖ్యమైనది. ఎంత అల్లరి చేసినా వేళకు తిని, హాయిగా నిద్రపోయి, స్నేహితులతో ఆడుకునే పిల్లవాడి గురించి అంతగా కలవరపడనవసరం లేదు. ఏ అల్లరీ చేయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, మంచి మార్కులు తెచ్చుకుంటూ నిద్ర పట్టక దొర్లుతున్న పిల్ల గురించి ఆలోచించాలి. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకునే పిల్లల బాధ ఆలస్యంగా బయటపడటానికి ఈ మెప్పు కూడా ఒక కారణం.

ఇటువంటి ఇబ్బందులు మన ఇంట్లోనే ఉన్నాయనుకుని సిగ్గుపడవలసిన పని లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలలో నూటికి 7 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది.

రెండు వారాలు రాసిపెట్టండి

కారణం వెతకడానికి అవసరమైన మొదటి పరికరం ఒక నోటుపుస్తకం. జ్ఞాపకం మీద ఆధారపడితే మనకు కోపం తెప్పించిన ఘటనలే మిగులుతాయి, ప్రశాంతంగా గడిచిన సాయంత్రాలు మరుగునపడతాయి. ప్రతి ఘటనకూ మూడు విషయాలు రాయండి. సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఇంట్లోవారు ఏం చేశారు. పక్కన సమయం, అక్కడ ఎవరెవరున్నారు, ముందురోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, చివరిసారి ఎప్పుడు తిన్నాడు అన్నవి కూడా ఉండాలి. ‘మొండితనం చేశాడు’ అని రాయకండి, ‘పుస్తకం విసిరేసి మంచం కిందికి దూరాడు’ అని రాయండి. మొదటిది మన తీర్పు, రెండోది మనం కళ్ళారా చూసినది. రోజులో ఏ గొడవా జరగని వేళలను కూడా తప్పకుండా రాయాలి, ఎందుకంటే సమస్య ఎక్కడ లేదో తెలిస్తేనే అది ఎక్కడ ఉందో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మారతహళ్ళిలో ఉండే ఒక తెలుగు కుటుంబంలో రెండో తరగతి చదివే బాబు రోజూ సాయంత్రం హోంవర్కు వేళకు అరిచి ఏడ్చి రభస చేస్తున్నాడనుకోండి. రెండు వారాల రాతలు తిరగేస్తే, లెక్కలు ఇచ్చిన రోజుల్లో రభస లేదు, ఇంగ్లీషు పాఠం చదవమన్న రోజుల్లోనే ఉంది. ఏడుపు మొదలైన పది నిమిషాలకు, అమెరికా వారితో కాల్ ఉన్న తల్లి ట్యాబ్ చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళింది. తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లో రెండు దెబ్బలు పడ్డాయి, అయితే ఆ రోజుల్లోనూ హోంవర్కు మాత్రం పూర్తి కాలేదు. ఇక్కడ మొదలుపెట్టిన కారణం అక్షరాలు గుర్తుపట్టి చదవడంలో ఉన్న కష్టం కావచ్చు. కొనసాగిస్తున్న కారణం, ఏడిస్తే చదవవలసిన పని తప్పిపోతోందన్న అనుభవం. బాబు దీన్ని ఎత్తుగడగా ఆలోచించి చేయడు. కష్టమైన పని నుంచి ఏ దారి తప్పిస్తుందో ఆ దారిలో పోవడం ఏ వయసు వారికైనా సహజమే. ఈ ఇంట్లో ట్యాబ్ మాత్రమే తీసేస్తే చదవలేని కష్టం అలాగే ఉంటుంది. చదువులో సాయం మాత్రమే ఏర్పాటు చేస్తే ఏడ్చి తప్పించుకునే అలవాటు అలాగే ఉంటుంది. రెండింటినీ కలిపి చూడాలి.

శరీరంతో మొదలుపెట్టండి

మనసుకు సంబంధించిన కారణాలు వెతికేముందు శరీరాన్ని ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించాలి. బోర్డు కనిపించని పిల్లవాడు పక్కవాడితో కబుర్లు చెబుతాడు. చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడని పాప, పిలిస్తే పలకని పొగరుబోతులా కనిపిస్తుంది. మలబద్ధకం ఉన్న పిల్లలు చిరాకు పడతారు, బట్టల్లో మలం అంటించుకుంటారు, దానికి దెబ్బలు తింటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకు ముఖ్య కారణాలలో ఒకటైన ఇనుము లోపం చిరాకునూ నిస్సత్తువనూ తెచ్చి ఏకాగ్రతను తగ్గిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలకు రక్తహీనత ఎందుకుంటుందని కొట్టిపారేయకూడదు. రోజంతా పాలూ బిస్కెట్లతో గడిపి అన్నం ముద్ద ముట్టని పిల్లలు బాగా కలిగిన ఇళ్ళలోనూ ఉన్నారు.

తరగతిలో ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు పని కొనసాగించే పిల్లవాడిని పరధ్యానం గలవాడంటారు. అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. ఆ క్షణంలో పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా పలకకపోతే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ సమస్యలు కూడా ప్రవర్తనను మారుస్తాయి. వాడుతున్న మందుల జాబితాను కూడా తప్పక చూపించాలి, ఎందుకంటే ఉబ్బసానికీ మూర్ఛకూ ఇచ్చే కొన్ని మందులు పిల్లలలో చికాకునూ అస్థిమితాన్నీ కలిగిస్తాయి. అయితే డాక్టరును అడగకుండా ఏ మందునూ ఆపకూడదు, ముఖ్యంగా మూర్ఛ మందును.

నిద్ర గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఈ నగరంలో పిల్లల చిరాకుకు అన్నిటికన్నా సులభంగా సరిదిద్దగలిగిన కారణం ఇదేనని నా అభిప్రాయం. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆపై వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. అవుటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో చిక్కుకుని తల్లిదండ్రులు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. పగలంతా కనిపించని అమ్మానాన్నలతో గడపాలని పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. తినేసరికి పది, పడుకునేసరికి పదకొండు. తెల్లవారి ఏడింటికల్లా స్కూలు బస్సు వచ్చి నిలబడుతుంది. ఇలా రోజుకు రెండు గంటల చొప్పున నిద్ర తగ్గిన పిల్లలు పెద్దవారిలా మందకొడిగా అయిపోరు. వారు మరింత చలాకీగా, నిలకడ లేకుండా, ప్రతి చిన్నదానికీ ఏడుస్తూ కనిపిస్తారు. అందుకే నిద్ర చాలని పిల్లవాడికీ ఏకాగ్రత లోపం ఉన్న పిల్లవాడికీ పైకి తేడా తెలియదు. నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లలైతే ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ గ్రంథులు పెరిగి ఊపిరికి అడ్డుపడుతున్నాయేమో చెవి, ముక్కు, గొంతు నిపుణులకు చూపించాలి. అలాంటి పిల్లలు పది గంటలు పడుకున్నా వారికి అలసట తీరదు.

స్వభావం, ఎదుగుదల, భాష

కొందరు పిల్లలు పుట్టుకతోనే శబ్దానికీ మార్పుకీ ఆకలికీ తీవ్రంగా స్పందిస్తారు. న్యూయార్కులో 1956 నుంచి అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యులు పసితనం నుంచి పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి ఈ సహజ స్వభావాన్ని వర్గీకరించారు. స్వభావం ఒక్కటే సమస్యను సృష్టించదని, ఆ స్వభావానికీ ఇంటి పద్ధతికీ పొత్తు కుదరనప్పుడు సమస్య పుడుతుందని వారు గుర్తించారు. తొందర మనిషి అయిన తండ్రికి ప్రతి కొత్తదానికీ సమయం తీసుకునే కొడుకు పుడితే ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే రోజూ గొడవ జరుగుతుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను ఇటువంటి పిల్లల మీద ప్రయోగించి బలవంతంగా వంచబోయే పెద్దలు, ఏ మొక్కకు ఎంత నీరు కావాలో కూడా చూడాలి.

ఏకాగ్రత లోపంతో కూడిన అతిచురుకుదనం, ఆటిజం, చదవడంలోనూ రాయడంలోనూ లెక్కలలోనూ ఉండే ప్రత్యేక అభ్యసన లోపాలు మెదడు ఎదుగుదలకు సంబంధించినవి. పెంపకంలో లోపం వల్ల ఇవి రావు. అతిచురుకుదనమని నిర్ధారించాలంటే లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా ఉండి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. ఇంట్లో మాత్రమే కుదురు లేకుండా బడిలో చక్కగా ఉండే పిల్లవాడి విషయంలో కారణాన్ని ముందు ఇంట్లోనే వెతకాలి. తెలివిగా మాట్లాడుతూ, విన్నది చక్కగా చెబుతూ, రాయమంటే మాత్రం మొరాయించే పిల్లలకు అభ్యసన లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. సోమరి, మొద్దు అన్న మాటలు ఏళ్ళ తరబడి విన్నాక వారిలో పుట్టే దిగులూ కోపమూ ఆ లోపం కన్నా ఎక్కువ నష్టం చేస్తాయి.

బెంగళూరు తెలుగు పిల్లల విషయంలో భాష గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, అపార్ట్‌మెంట్ ఆటస్థలంలో హిందీ. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డ విషయంలోనూ ఇన్ని భాషల వల్లే అని నిర్ణయించేసి, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోకి మారుతున్న తల్లిదండ్రులు ఉన్నారు. అనేక భాషలు వినడం వల్ల మాటలు రాకపోవడం గానీ ఆటిజం గానీ కలగవు. తల్లిదండ్రులు తమకు సహజంగా వచ్చిన భాషలో ముద్దు చేసి, కోప్పడి, కథ చెప్పగలగడం బిడ్డకు చాలా అవసరం. దానిని వదులుకుంటే ప్రయోజనం ఉండదు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని, వేలితో దేన్నీ చూపించని, వచ్చిన మాటలు కూడా పోగొట్టుకున్న బిడ్డను భాషల సాకుతో ఇంట్లోనే ఉంచకుండా వెంటనే పరీక్ష చేయించాలి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాత్రం నెలల తరబడి నోరు విప్పని పిల్లలు వేరు. కొత్త బడిలో మొదటి నెల మౌనం సహజమే, ఆ తర్వాతా సాగితే అది మొండితనం కాదు, గొంతు పెగలనివ్వని భయం. దానికి మంచి చికిత్స ఉంది.

ఇంట్లో ఏం మారింది

ప్రవర్తన ఎప్పుడు మారిందో గుర్తించాక, దానికి ముందు మూడు నాలుగు నెలల్లో ఇంట్లో వచ్చిన మార్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. తమ్ముడు పుట్టడం, ఇల్లు మారడం, తండ్రి హైదరాబాదులో ఉద్యోగం చేరి వారానికొకసారి రావడం వంటివి ఎవరికైనా గుర్తుంటాయి. ఈ నగరంలో పెద్దలు లెక్కలోకి తీసుకోని నష్టాలు మరి రెండు ఉన్నాయి. విజయవాడ నుంచో అనంతపురం నుంచో వచ్చి ఆరు నెలలు ఉండి మనవణ్ణి పెంచిన అమ్మమ్మ ఒకరోజు రైలెక్కి వెళ్ళిపోతుంది. మూడేళ్ళుగా అన్నం తినిపించిన ఆయా ఒక నెలాఖరున మానేస్తుంది. పెద్దలకు అది ఏర్పాట్లలో మార్పు, బిడ్డకు మాత్రం మనిషి మాయమైపోవడం. వెళ్ళేముందు బిడ్డకు చెప్పి, వీడ్కోలు తీసుకుని, తర్వాత తరచూ వీడియో కాల్‌లో కనిపిస్తూ ఉంటే ఆ దెబ్బ చాలా తగ్గుతుంది. ఏడుస్తాడని నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపోతే మాత్రం, ఆ తర్వాత నెలల తరబడి తల్లి వంటింట్లోకి వెళ్ళినా కొంగు వదలని పిల్లవాడు తయారవుతాడు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు భవన నిర్మాణంలో పనిచేసే రాయలసీమ కుటుంబాల పిల్లలకు ఈ తెగిపోవడం మరీ తరచుగా జరుగుతుంది. ఒక పని ముగియగానే షెడ్డు, బడి, స్నేహితులు అన్నీ మారిపోతాయి.

తల్లిదండ్రుల మధ్య గొడవలు తలుపు వేసుకుని జరిగినా పిల్లలకు తెలుస్తాయి. తండ్రి తాగుడు, తల్లిలో ప్రసవానంతరం మొదలై ఎవరూ పట్టించుకోని దిగులు, డబ్బు ఇబ్బందులు పిల్లల ప్రవర్తనలో బయటపడతాయి. దిగులులో ఉన్న తల్లికి చికిత్స చేయించడం బిడ్డకు చేసే వైద్యంలో భాగమే. ఆమెను తప్పుపట్టడం ఇద్దరికీ హాని చేస్తుంది.

దెబ్బల విషయంలో నాకు సందేహం లేదు. దెబ్బ ఆ క్షణానికి పనిని ఆపుతుంది కనుక పనిచేసిందనిపిస్తుంది. కానీ కోపం వచ్చినప్పుడు బలహీనుణ్ణి కొట్టవచ్చన్న పాఠం బిడ్డకు అందుతుంది, మరుసటి వారం అదే తప్పుకు మరింత గట్టి దెబ్బ అవసరమవుతుంది. దీనికి ఎదురుగా మరో ధోరణి ఉంది. తల్లి వద్దంటుంది, పిల్లవాడు అరుస్తాడు, తల్లి గట్టిగా అరుస్తుంది, పిల్లవాడు ఇంకా గట్టిగా అరుస్తాడు, చివరికి ఆమె అలసిపోయి సరే అంటుంది. అరిస్తే పని జరుగుతుందని పిల్లవాడు, సరే అంటే అరుపు ఆగుతుందని తల్లి నేర్చుకుంటారు. ఒకరికొకరు తెలియకుండానే ఈ చక్రాన్ని తిప్పుతూ ఉంటారు. నాయనమ్మ ఇచ్చేదాన్ని తల్లి కాదనడం, తల్లి కాదన్నదాన్ని తండ్రి ఇవ్వడం దానికి తోడైతే, ఏ నియమం ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించి చూడటం పిల్లల దినచర్య అవుతుంది. ఇంట్లోని పెద్దలందరూ కూర్చుని కనీసం మూడు నియమాల మీద ఒక్క మాటకు రావడం, పిల్లల ఎదుట ఒకరి మాటను మరొకరు కొట్టివేయకపోవడం ఇందుకు మందు.

ఇక ఫోన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు బిడ్డలకు స్క్రీన్ అసలు కూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదు. అయితే పెద్ద పిల్లల విషయంలో ఫోన్ చాలాసార్లు మొదటి కారణం కాదని నేననుకుంటాను. ఒంటరితనమో, చదువులో ఓటమో, ఇంట్లో గొడవలో ముందుగా ఉంటాయి, వాటి నుంచి తప్పించుకునే చోటుగా ఫోన్ దొరుకుతుంది, ఆ తర్వాత నిద్రనూ ఆటనూ మింగి సమస్యను పెంచుతుంది. అందుకే ఫోన్ లాక్కునేముందు, ఆ గంటలు అతడికి ఏ లోటు తీరుస్తున్నాయో చూడాలి.

బడిలో ఏం జరుగుతోంది

ఆదివారం రాత్రి కడుపునొప్పి వచ్చి శనివారం మాయమైతే బడి గురించి అడగాలి. నొప్పి నటన అనుకోకండి, ఆందోళనలో ఉన్న పిల్లలకు కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ‘బడి ఎలా ఉంది’ అంటే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. మధ్యాహ్నం డబ్బా ఎవరి పక్కన కూర్చుని తిన్నావు, బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు, బాత్రూముకు ఎప్పుడు వెళ్తావు, ఈరోజు ఎవరిని టీచరు కోప్పడ్డారు అని అడిగితే లోపలి సంగతులు తెలుస్తాయి. ఏడిపించడం తరచుగా బస్సులోనూ బాత్రూములోనూ, అంటే పెద్దల కళ్ళు పడని చోట్ల జరుగుతుంది. యాస గురించి, రంగు గురించి, ఊరిపేరు గురించి చేసే వెక్కిరింతలను చిన్నవిగా తీసుకోకూడదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులలో చేర్చి, బంధువుల పిల్లల ర్యాంకులతో పోల్చే ఇళ్ళలో పిల్లల దిగులుకు వేరే కారణం వెతకనవసరం లేని సందర్భాలు కూడా ఉన్నాయి.

చెప్పుకోలేని గాయం

ఒక ఫలానా మనిషి దగ్గరికి వెళ్ళనని ఏడవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ భయపడటం, వయసుకు మించిన లైంగిక విషయాలు మాట్లాడటం వంటివి కనిపిస్తే లైంగిక హింస జరిగి ఉండవచ్చన్న ఆలోచనను పక్కకు నెట్టకూడదు. ఈ సంకేతాలకు వేరే కారణాలూ ఉండవచ్చు. అయినా అడగాలి. ఒంటరిగా, నెమ్మదిగా, మాటలు అందించకుండా అడగండి. బిడ్డ చెప్పినది నమ్మండి. ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అనకండి, ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. పదే పదే చెప్పించకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద ఇటువంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. చేసినవాడు బంధువైనా, పరువు మాటున దాచడానికి చట్టం ఒప్పుకోదు. పిల్లల సహాయ వాణి నంబరు 1098, ఏ వేళలోనైనా పనిచేస్తుంది.

తెలిసినవన్నీ ఒకచోట చేర్చి

ఇప్పుడు ఒక కాగితాన్ని నాలుగు భాగాలు చేయండి. ముందునుంచీ ఉన్నవి, రాజేసినవి, ఆరనివ్వకుండా ఉంచుతున్నవి, బిడ్డను కాపాడుతున్నవి. నాలుగో భాగాన్ని ఖాళీగా వదలకండి. తాతగారితో సాయంత్రం నడక, ఒక్కగానొక్క స్నేహితురాలు, బొమ్మలు గీయడం, సెలవులకు వెళ్ళే సొంత ఊరు, ఇవన్నీ అక్కడికి చేరాలి. సమస్యను సరిదిద్దే తొందరలో చాలామంది వీటినే ముందు కోసేస్తారు. మార్కులు తగ్గాయని ఆట మాన్పించడం దీనికి సాధారణ ఉదాహరణ.

మార్పు మూడో భాగం నుంచి, ఒకసారికి ఒక్క విషయంలో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఇంతవరకు ఏడిస్తే దొరికినది ఇకపై దొరకదని నిర్ణయిస్తే, మొదటి కొన్ని రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. పాత దారి మూసుకుపోయిందేమోనని బిడ్డ గట్టిగా తట్టి చూస్తున్నాడని అర్థం. ఆ రోజుల్లో ఒక్కసారి లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలన్నమాట అని నేర్చుకుంటాడు. కనుక ఇంట్లో చుట్టాలున్న వారం, పరీక్షల వారం ఈ మార్పు మొదలుపెట్టవద్దు. దీనితో పాటే, గొడవ లేని వేళల్లో రోజుకు పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, ఏమీ నేర్పకుండా, అతడు ఎంచుకున్న ఆట అతడితో ఆడండి. అరిస్తేనే దొరికే ధ్యాస అరవకుండానే దొరుకుతుంటే అరుపుతో పని తగ్గుతుంది.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు వెళ్ళాలి

చచ్చిపోవాలని ఉందని అనడం, తనను తాను గాయపరచుకోవడం, తిండి మానేయడం, వచ్చిన మాటలూ పనులూ మరచిపోవడం, ఎవరికీ వినపడనివి వినపడుతున్నాయనడం, జ్వరంతోనో తలనొప్పితోనో కలిసి హఠాత్తుగా మనిషి మారిపోవడం వంటివి ఉంటే నోటుపుస్తకం రాస్తూ కూర్చోకుండా అదే రోజు వైద్యులను కలవాలి. చావు మాట ఎత్తిన పిల్లలను దాని గురించి సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. ఇంట్లోని మందులూ పురుగుమందులూ అందకుండా పెట్టి, ఒంటరిగా వదలకుండా ఉండాలి. పిల్లల్లో దిగులు ఏడుపు రూపంలోనే రానక్కరలేదు, చిరాకుగా, కోపంగా కూడా కనిపిస్తుంది.

మిగతా సందర్భాలలో మొదట పిల్లల డాక్టరును కలవండి. ఆయన సూచిస్తే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. దానికి సమీపంలోనే ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది. ఎదుగుదల లోపాలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాలలో పరీక్షలూ చికిత్సా ఉచితంగా అందుతాయి. ప్రైవేటుగా వెళ్ళేవారు క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడనవసరం లేదు. ఎక్కడికి వెళ్ళాలో తేలనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ వాణి అయిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. బిడ్డ తెలుగులోనే మనసు విప్పగలిగితే ఆ సంగతి ఆసుపత్రిలోనూ ముందే చెప్పాలి.

మొదటి సందర్శనకు తండ్రి, తల్లి ఇద్దరూ వెళ్ళండి. బిడ్డను ఎక్కువసేపు చూసుకునేది అమ్మమ్మ అయితే ఆమెనూ తీసుకెళ్ళండి. నోటుపుస్తకం, నాలుగు భాగాల కాగితం, పాత వైద్య కాగితాలు, రెండు మూడేళ్ళ రిపోర్టు కార్డులు, క్లాసు పుస్తకాలు, టీచరు రాసిచ్చిన నాలుగు వాక్యాలు వెంట ఉండాలి. బిడ్డకు ఎక్కడికి వెళ్తున్నారో ముందురోజే నిజం చెప్పండి. ఇంజెక్షన్ ఇవ్వరని, మాట్లాడతారని, ఆడిస్తారని చెబితే చాలు. డాక్టరు ఎదుట అతడి తప్పుల జాబితా చదవకండి, ఆ మాటలు విడిగా చెప్పే అవకాశం అడగండి. అభ్యసన లోపం తేలితే ధ్రువపత్రం గురించి కూడా అప్పుడే అడగాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఈ లోపాన్ని గుర్తించింది. ధ్రువపత్రం సాధారణంగా ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు. దాని ఆధారంగా బోర్డు పరీక్షలలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు లభిస్తాయి కనుక, పదో తరగతి వరకు ఆగకుండా ముందుగానే బడికి ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.